కాలక్షేపానికి కొన్ని క్రైస్తవ గ్రంథాలు

క్రైస్తవ గ్రంథాలనగానే మనలో చాలామందికి జ్ఞాపకం వచ్చేది ఒక మడత కాగితం. రైలు పెట్టెలోనో, సంతలోనో ఎవరో ఒకాయన చిరునవ్వుతో చేతిలో పెట్టి పోతాడు. మర్యాదకు పుచ్చుకుంటాం. రెండు పంక్తులు చూస్తాం. తరువాత అందులో పల్లీలు పొట్లం కడతాం. ఆ సాహిత్యంతో మనకు ఋణం అంతటితో తీరిపోతుంది. ఇది అన్యాయమని నా మనవి. కరపత్రం చూసి క్రైస్తవ సాహిత్యాన్ని అంచనా కట్టడం పెళ్ళి శుభలేఖ చూసి తెలుగు కవిత్వాన్ని అంచనా కట్టడం లాంటిది.

నేను తెలుగు పంతులుగా మొదట జనగామలోనూ, తరువాత మహబూబాబాదులోనూ, చివరికి భూపాలపల్లిలోనూ ఉద్యోగం వెలగబెట్టాను. అప్పుడవన్నీ ఒక్క వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనాయి. ఎక్కడున్నా మా ఇంట్లో ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి; వాటికోసం వచ్చే మనుషులూ ఉండేవారు. వచ్చేవారిలో చర్చికి వెళ్ళేవాళ్ళు తక్కువేమీ కాదు. "సారూ, జర మంచిగ చదువుకునేటియి, మా దేవునియి ఏమన్న ఉన్నయా?" అని అడిగేవారు. "మంచిగ" అన్న మాటకు వాళ్ళ అర్థం నాకు క్రమంగా బోధపడింది. ప్రసంగం కాకూడదు, కథ నడవాలి, పుస్తకం మూసేటప్పటికి మనసుకు కాస్త బలం రావాలి. ఇంతకంటే మంచి లక్షణాన్ని ఏ అలంకారశాస్త్రంలోనూ నేను చూడలేదు.

అసలు మన భాషలో కాలక్షేపమన్న మాట చూడండి. పేకాట ఆడితే కాలక్షేపం. అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి పురాణం చెప్పినా కాలక్షేపమే. పొద్దుపోవడానికీ, పుణ్యం రావడానికీ మనవాళ్ళు ఒకే మాట పెట్టుకున్నారు. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన్నగారి బమ్మెర రెండూ ఇప్పటి జనగామ జిల్లాలోనివే. బసవ పురాణం ద్విపదలో నడిచింది, జనం నోట పలకడానికి వీలుగా. పోతన్నగారి ప్రహ్లాదుడూ, గజేంద్రుడూ చదువురాని ఇళ్ళలోకి కూడా కథలుగానే వచ్చారు. ఈ నేల మీద భక్తి ఇంట్లోకి వచ్చే గుమ్మం కథ. క్రీస్తు భక్తుల పుస్తకాలను కూడా నేను ఆ గుమ్మం దగ్గరే నిలబెట్టి చూస్తాను. కథ ఉంటే లోపలికి రానిస్తాను.

మరో సంగతి కూడా చెప్పాలి. తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాలు మన దేశంలో అచ్చు కాలేదు. బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు జర్మనీలోని హాలే పట్టణంలో 1746 ప్రాంతంలో అచ్చొత్తించాడు. అవి క్రైస్తవ గ్రంథాలు. అంచేత తెలుగు అచ్చు పుస్తకానికీ ఈ సాహిత్యానికీ ఉన్న చుట్టరికం నిన్నటిదీ మొన్నటిదీ కాదు.

ఇక పుస్తకాల సంగతి. మొట్టమొదట నేను ఎవరి చేతిలోనైనా పెట్టేది జాన్ బన్యన్ రాసిన "యాత్రికుని ప్రయాణము". బన్యన్ పండితుడు కాడు. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గర పల్లెల్లో చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేసి బతికిన మనిషి. ప్రభుత్వ అనుమతి లేకుండా దైవప్రసంగాలు చేశాడని 1660లో పట్టుకుని జైల్లో పెట్టారు. ఇక ప్రసంగించనని ఒక్క మాట అంటే వదిలేసేవారే. అనలేదు. పన్నెండేళ్ళు లోపలే ఉన్నాడు. ఇంటి దగ్గర భార్య, పిల్లలు. పెద్దపిల్లకు కళ్ళు కనిపించవు. జైల్లో కూర్చుని లేసులు తయారుచేసి అమ్మించి ఆ సంసారాన్ని ఈదాడు. ఇలాంటి మనిషి 1678లో అచ్చు వేయించిన కథ ఇది. ప్రపంచంలో రెండువందల పైచిలుకు భాషల్లోకి వెళ్ళింది.

కథ ఏమంటే, వీపు మీద పెద్ద మూటతో ఒక మనిషి ఇల్లు వదిలి బయలుదేరతాడు. మూట దించుకుందామంటే దిగదు. దారిలో నిరాశ అనే ఊబిలో పడతాడు. అన్నీ అమ్మే ఒక సంతలో చిక్కుకుంటాడు; అక్కడ పదవులూ అమ్ముతారు, బిరుదులూ అమ్ముతారు, మనుషుల ప్రాణాలు కూడా అమ్ముతారు. నిజం తప్ప ఇంకేమీ కొనమన్నందుకు అతని తోటివాణ్ణి చంపేస్తారు. ఆ తరువాత ఒక రాక్షసుడి కోట, చివర ఒక నది. పాత్రల పేర్లన్నీ గుణాల పేర్లే కనుక ఇది పిల్లల నీతికథలాగా ఉంటుందేమోనని అనుమానం వస్తుంది. రాదని చెప్పను. ఇరవై పేజీలు ఓపిక పట్టండి. సంత దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్లు గలవాళ్ళంతా మన వీధిలోనే ఉన్నారని తెలిసిపోతుంది.

భూపాలపల్లిలో బొగ్గుగనిలో ఫిట్టరు పని చేసే ఒక యువకుడు దీన్ని నా దగ్గర పట్టుకెళ్ళాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్ర పట్టని పగళ్ళలో చదివేవాడు. వారం తిరక్కుండా పుస్తకం చేతబట్టుకుని వచ్చాడు, ఇవ్వడానికి కాదు, మాట్లాడటానికి.

"సారూ, ఆ రాక్షసుని కోటల వీళ్ళను పెట్టి కొడుతుండు, తిండి లేదు, చావుమంటుండు. ఆఖరికి చూస్తే తాళంచెవి ఈయన అంగీలనే ఉండె గద సారూ! ముందుగాల ఎందుకు యాదికి రాలే?"

"నువ్వే చెప్పు," అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. "దెబ్బలు తినేటప్పుడు జేబుల చెయ్యి పెట్టుకోబుద్ధి కాదు సారూ," అన్నాడు. బన్యన్ మీద నేను చదివిన వ్యాఖ్యలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

దీనికి 1684లో వచ్చిన రెండో భాగం కూడా ఉంది. అందులో ఆ యాత్రికుడి భార్యాపిల్లలు అదే దారిన బయలుదేరతారు. యుద్ధాలు తక్కువ, నడక నిదానం. కుంటివాళ్ళూ, భయస్థులూ అందరూ కలిసి నడుస్తారు. ఎవరినీ వెనక వదిలిపెట్టరు. మగవాళ్ళకు మొదటి భాగమే నచ్చుతుంది. ఇంటి బరువు మోసిన ఆడవాళ్ళు మాత్రం రెండోదే మేలంటారని నా అనుభవం. తెలుగు అనువాదంలో భాష కొంచెం పాతది. గ్రాంథికమంటే బెదిరేవారు బిగ్గరగా చదువుకుంటే సగం కష్టం తీరుతుంది.

ఇంతవరకూ మంచి పుస్తకం మాట చెప్పాను. చెడ్డ పుస్తకం చేసే చెరుపు గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ.

అదే భూపాలపల్లిలో మా వీధి చివర ఒక గని కార్మికుడు జబ్బు చేసి చనిపోయాడు. నలభై నిండలేదు. ఇద్దరు పిల్లలు. పరామర్శకు వచ్చినవారిలో ఎవరో ఆయన భార్యకు ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళారు. రంగురంగుల అట్ట, లోపల స్వస్థతకూ సంపదకూ సూత్రాలు. కొన్నాళ్ళకు ఆమె ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు. గిది జర చూడుండ్రి. నమ్మకం గట్టిగ ఉంటే రోగం నిలవదని రాసిండ్రు. అంటే నా నమ్మకం తక్కువైతేనే ఆయన పాయెనా?"

పదిహేను రోజులుగా ఆమెకు నిద్ర లేదు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక రాత్రి ప్రార్థన చేస్తూ కునుకు తీశానని, ఆ కునుకే కొంప ముంచిందని ఆమె నిశ్చయానికి వచ్చింది. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి ఏ ఊళ్ళో ఉంటాడో గాని, ఆ క్షణాన నా ఎదుట లేకపోవడం ఆయన అదృష్టం.

ఆమెకు ఓదార్పు చెప్పే అర్హత నాకు లేదు. పంతులుకు తెలిసిన పని ఒకటే, మరో పుస్తకం చూపించడం. "మీ బైబిలులోనే యోబు గ్రంథం ఉందమ్మా. మొదటి రెండు అధ్యాయాలు చదువు. మధ్యలో స్నేహితుల వాదనలు కొద్దిగా చూడు. తరువాత చివరిది, నలభై రెండో అధ్యాయం, నిదానంగా చదువు," అన్నాను.

యోబు కథ తెలియనివారికి రెండు మాటలు. మంచివాడు, పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్ళంతా కురుపులు లేచాయి. ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్ళు బంగారం లాంటి మనుషులే. ఆ తరువాత నోరు తెరిచారు. తప్పు చేయనిదే శిక్ష పడదనీ, ఒప్పుకుంటే మంచిదనీ పేజీలకు పేజీలు బోధించారు. యోబు ఒప్పుకోలేదు. దేవుణ్ణే నిలదీసి అడిగాడు. చివరికి దేవుడు మాట్లాడినప్పుడు ఎవరి మీద కోపగించుకున్నాడనుకుంటారు?

వారం తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుంది. "దోస్తులనే కోప్పడ్డడు సారూ దేవుడు! అన్ని అడిగిన ఆయన్ను ఏమనలే. ఆయన తరపున మాట్లాడినమనుకునేటోళ్ళనే కోప్పడ్డడు," అంది. చిన్నప్పటినుంచీ బైబిలు చదువుతున్న మనిషి. యోబు దాకా వచ్చి ఆ కవిత్వం కష్టమని దాటేసేదట. ఆ సూత్రాల పుస్తకం ఏమైందని నేను అడగలేదు.

తరువాత ఆమెకు నేను ఇచ్చింది "ఎడారిలో సెలయేర్లు". తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో చాలామందికి పరిచయమైనదే. జపానులో మతసేవ చేసిన చార్లెస్ కౌమన్ అనే అమెరికా దేశస్థుడు గుండెజబ్బుతో మంచాన పడితే, భార్య లెట్టీ ఆరేళ్ళపాటు దగ్గరుండి సేవ చేసింది. ఆ రాత్రుల్లో తనకు ఊతమిచ్చిన రచనలు ఏరి కూర్చి 1925లో ఈ పుస్తకం వేయించింది. అప్పటికి ఆయన పోయి ఏడాది. రోజుకొక పేజీ చొప్పున సంవత్సరమంతటికీ సరిపోతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో కొన్ని పేజీలు మరీ తీపి. కాని రోగి పక్కన కూర్చున్న మనిషి చేతిమీదుగా వచ్చింది కనుక బాధను ఎక్కడా తేలిక చేయదు. ఒక్కసారిగా చదవకండి. రోజూ ఒక పేజీ దాటవద్దు.

ఇక మహబూబాబాదు. పాతవాళ్ళకు మానుకోట. అక్కడినుంచి విజయవాడ వైపు బండెక్కితే గుండ్రాతిమడుగు, గార్ల దాటి డోర్నకల్ జంక్షను వస్తుంది. భద్రాచలం రోడ్డుకు బండి మారేవాళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీద గంటల తరబడి కూర్చుని రైల్వేవారిని తిట్టుకుంటారు. ఊళ్ళోకి వెళ్ళి అక్కడి పెద్ద చర్చి చూసిరమ్మని నా సలహా. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే గుడి మండపం. కట్టించినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చి, మొదట్లో డేరాలో కాపురం పెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. చర్చి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఆయన 1945లో సంవత్సరాదినాడే డోర్నకల్‌లో కన్నుమూశాడు.

ఈయన మీద ఇంగ్లీషులో రెండు పుస్తకాలున్నాయి. కేరల్ గ్రేహామ్ 1946లో రాసింది చిన్నది, ఆప్యాయంగా ఉంటుంది. సుసాన్ హార్పర్ 2000లో ప్రచురించింది నాలుగు వందల పేజీల పైమాటే. మతమార్పిళ్ళ విషయంలో గాంధీజీకీ ఆయనకూ వచ్చిన భేదాభిప్రాయం అందులో వివరంగా ఉంది. ఇద్దరూ దేశభక్తులే, ఇద్దరూ అంటరానితనం పోవాలన్నవారే. అయినా ఒకరి మాట ఒకరికి మింగుడుపడలేదు. ఎవరిది న్యాయమన్నది చదువరులు తేల్చుకోవలసిందే. తీరిక వేళ చదువుకు ఇది బరువే కాని, డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద ఉన్నంత తీరిక మరెక్కడ దొరుకుతుంది?

మా మేనకోడలు మహబూబాబాదులో నర్సు. "మామా, రాత్రి డ్యూటీల నిద్ర రాకుండ ఏమన్న పుస్తకం ఇయ్యి. ఏడిపించేది మాత్రం వద్దు, ఆడ రోజూ చూసేదే," అంది. "డాక్టర్ ఐడా" ఇచ్చాను. డొరతీ క్లార్క్ విల్సన్ 1959లో ఇంగ్లీషులో రాసిన జీవితచరిత్ర. మన ప్రాంతం నుంచి ఎందరో వైద్యానికి వెళ్ళే రాయవెల్లూరు పెద్దాసుపత్రి పుట్టిన కథ అది. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టిన అమెరికన్ పిల్ల. మిషనరీ జీవితం తనకు బొత్తిగా వద్దనుకుని, తల్లికి జబ్బు చేస్తే చూసిపోదామని వచ్చింది. ఒక రాత్రి తిండివనంలో ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడో ఆయన మరో కులపు హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ఉన్నారు. ఐడా తండ్రి వైద్యుడే. కాని పరపురుషుణ్ణి లోపలికి రానివ్వమన్నారు. వైద్యం తెలియని ఆ పిల్లనే రమ్మన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఆ పిల్ల అమెరికా వెళ్ళి 1899లో డాక్టరై, మరుసటి ఏడు వెల్లూరుకు తిరిగివచ్చి ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. మా మేనకోడలు డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివింది. "ఏడిపించేది వద్దంటే గిదే ఇచ్చినవు గద మామా," అని దెబ్బలాడి, పుస్తకాన్ని తన తరువాత డ్యూటీకి వచ్చే అమ్మాయికి ఇచ్చింది.

జనగామ ముచ్చట ఇంకోరకం. అమెరికన్ బాప్టిస్టులు పనిచేసిన ఊరు. ప్రెస్టన్ మైదానం తెలియని జనగామవాసి ఉండడు. సాయంత్రాలు ఆ మైదానం చుట్టూ నడిచేవాళ్ళలో ఇద్దరు ముసలివారు నాకు స్నేహితులు. ఒకాయన రోజూ పోతన భాగవతం పారాయణ చేస్తాడు. రెండో ఆయన చర్చి పెద్ద. పారాయణ చేసే పెద్దాయనకు గుఱ్ఱం జాషువాగారి "క్రీస్తు చరిత్ర" ఇచ్చాను. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందిన పద్యకావ్యమది. వినుకొండలో 1895లో పుట్టి, కులం పేరిట అవమానాలు తిని, ఆ మంటతోనే "గబ్బిలం" రాసిన కవి, తోటివాళ్ళు వెలివేసినవారి పక్కన కూర్చున్న క్రీస్తు కథను పట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పెద్దాయన మొదట యతిప్రాసలు పరీక్షించాడు. పద్యాలు రాగంతో చదివి చూశాడు. నాలుగో రోజు మైదానంలో నన్నాపి, "ఈయనకు దుఃఖమంటే ఏందో తెలుసయ్యా పంతులూ. తెలిసి కూడ గొంతు చించుకోలే," అన్నాడు. పక్కనే ఉన్న చర్చి పెద్దకు అప్పటిదాకా ఆ పుస్తకం సంగతే తెలియదు! తమ ప్రభువు కథ పోతన భక్తుడి నోట వినవలసి వచ్చిందని సిగ్గుపడి, బదులుగా "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కీర్తనల మీద రాగాల, తాళాల పేర్లు చూసి పెద్దాయన ముఖం వికసించింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనల్లో ఒకటి అక్కడే నిలబడి కూనిరాగం తీశాడు. ఇవన్నీ మన సంగీతమే కదా అన్నాడు. కాదని ఎవరన్నారు?

సాధు సుందర్ సింగ్ జీవితం కూడా వదలవద్దు. పంజాబులో 1889లో పుట్టిన సిక్కు బాలుడు. ఒకప్పుడు కోపంతో బైబిలును తగలబెట్టినవాడు, తరువాత కాషాయం కట్టి క్రీస్తు సన్యాసిగా తిరిగి, 1929లో టిబెట్టుకు బయలుదేరి మళ్ళీ కనిపించలేదు. ఆయన చెప్పిన అద్భుతాలు కొన్నిటిని ఆయన బతికుండగానే శంకించినవారున్నారు. మీరూ శంకిస్తూనే చదవండి. హిమాలయాల్లో వట్టి కాళ్ళతో నడిచిన ఆ మనిషి మాత్రం నిజం.

ఇంగ్లీషు చదవగల కాలేజీ పిల్లలకైతే 1971లో వచ్చిన కోరీ టెన్ బూమ్ ఆత్మకథ, "ది హైడింగ్ ప్లేస్". హాలెండులో గడియారాలు బాగుచేసుకునే కుటుంబం. హిట్లరు మనుషుల నుంచి యూదులను ఇంట్లో దాచి, 1944 ఫిబ్రవరిలో పట్టుబడ్డారు. తండ్రి పదిరోజులకే జైల్లో పోయాడు. అక్క బెట్సీ, కోరీ రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి చేరారు. అక్కడ గది నిండా గోమార్లు. వాటికి కూడా కృతజ్ఞత చెప్పాలంటుంది బెట్సీ. చెల్లెలికి ఒళ్ళు మండిపోతుంది. ఆ పురుగులకు జడిసే కావలివాళ్ళు లోపలికి రావడంలేదనీ, అందుకే తాము బైబిలు చదువుకోగలుగుతున్నామనీ తరువాత తెలుస్తుంది. ఆ డిసెంబరులో బెట్సీ చనిపోయింది. 1947లో మ్యూనిక్‌లో ఒక సభలో కోరీ క్షమను గురించి మాట్లాడి దిగితే, ఆ శిబిరంలోనే పనిచేసిన ఒక కావలివాడు ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి లేవలేదు. లేవడానికి పట్టిన ఆ కొన్ని క్షణాలను ఆమె దాచుకోకుండా రాసింది. ఆ రెండు పేజీల కోసమైనా ఈ పుస్తకం చదవవచ్చు.

ఇవి అన్నీ ఒకేచోట దొరకవు. తెలుగువి క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లోనూ, క్రిస్మసు రోజుల్లో చర్చి ఆవరణల్లో పెట్టే బల్లల మీదా దొరుకుతాయి. ఇంగ్లీషువి కోఠీ పాత పుస్తకాలలో వెతికే ఓపిక ఉంటే చవకగా వస్తాయి. ఎవరికైనా కానుకగా ఇవ్వదలిస్తే ముందు మీరు చదివి ఇవ్వండి, ముఖ్యంగా కష్టంలో ఉన్న ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు. అట్ట బాగుందని ఇవ్వకండి సుమండీ.

నా బన్యన్ ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ ఫిట్టరుకు గోదావరిఖని బదిలీ అయితే వెంట పట్టుకుపోయాడట. నేను ఉత్తరం రాసి అడగలేదు. ఇంకొకటి కొన్నాను, అదీ ప్రస్తుతం బయటే ఉంది.